బ్లూబెర్రీ పెట్టే ముందు మీ నీళ్లు చూసుకోండి

పెరట్లో బ్లూబెర్రీ పెట్టాలనుకుంటున్నాం, ఏ రకం కొనమంటారు అని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే: మొక్కకి ఏ నీళ్లు పోస్తారు? చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. నీళ్లంటే నీళ్లే కదా, కుళాయి తిప్పితే వస్తాయి అంటారు. ఎత్తు పొదగా పెరిగే హైబుష్ రకం బ్లూబెర్రీ పెంచేవాళ్లకి అలా అనుకునే వీల్లేదు. మట్టి ఎంత బాగా తయారుచేసినా, దాన్ని నిలబెట్టేదీ పాడుచేసేదీ మనం రోజూ పోసే నీళ్లే. రకం సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మా పెరటి వెనక కంచె వెంబడి మూడు పొదలున్నాయి: డ్యూక్, బ్లూక్రాప్, ఎలియట్. గుమ్మం పక్కన పెద్ద తొట్టిలో పేట్రియట్ ఒకటి ఉంది. మూడు పొదలూ ఇప్పుడు నాకన్నా ఎత్తుగా ఉన్నాయి. వీటితో గడుపుతూ తెలుసుకున్నవీ, చదివి సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తాయని నా ఆశ.

మొదట ఈ మొక్క స్వభావం అర్థం కావాలి. దీని శాస్త్రీయ నామం వాక్సీనియం కోరింబోసమ్. అజేలియా, రోడోడెండ్రాన్ మొక్కల కుటుంబానిదే. పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు వైపు. అక్కడి అడవుల్లో, చిత్తడి నేలల అంచుల్లో, నీళ్ల మధ్య కాస్త ఎత్తుగా తేలిన గడ్డల మీద పెరుగుతుంది. ఆ నేలలో సున్నం ఉండదు, ఎరువు బలం ఉండదు. కుళ్లిన ఆకులు, పీట్ (చిత్తడిలో పేరుకున్న సగం కుళ్లిన నాచు), ఇసుక, వాటితో పాటు బాగా ఎక్కువ ఆమ్లత్వం. ఈ ఆమ్లత్వాన్ని చెప్పే అంకె పీహెచ్. మనం కూరగాయలు పెంచే మట్టి పీహెచ్ 6కీ 7కీ మధ్య ఉంటుంది. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.2 మధ్య కావాలి. అంకెల్లో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ పీహెచ్‌లో ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. అంటే 6.5 ఉన్న మట్టికన్నా 4.5 ఉన్న మట్టి నూరు రెట్లు ఎక్కువ ఆమ్లంగా ఉంటుందన్నమాట.

అంత ఆమ్లం దేనికంటే, ముఖ్యంగా ఇనుము కోసం. పీహెచ్ పెరిగేకొద్దీ మట్టిలో ఇనుము కరగకుండా బిగుసుకుపోతుంది. చాలా మొక్కలు వేళ్ల నుంచి ఏదో ఒకటి వదిలి ఆ ఇనుమును లాక్కోగలవు. బ్లూబెర్రీకి ఆ శక్తి చాలా తక్కువ. దానికి తోడు ఈ మొక్క వేళ్లకి మిగతా మొక్కలకుండే సన్నటి నూగు ఉండదు. జుట్టులాంటి సన్నటి వేళ్లు, వాటిలో కాపురముండే ఒక రకం శిలీంధ్రం, అంతే దాని ఆస్తి. ఆ శిలీంధ్రానికీ ఆమ్ల నేలే ఇష్టం.

ఈ సంగతి మనుషులకి తెలిసి నూట ఇరవై ఏళ్లు కూడా కాలేదు. అంతకుముందు అడవి నుంచి పొదలు తవ్వుకొచ్చి, మంచి తోట మట్టిలో ఎరువు వేసి, సున్నం చల్లి నాటేవారు. అవి క్షీణించి చచ్చిపోయేవి. బ్లూబెర్రీ మనుషుల చేతికి లొంగని మొక్క అనే పేరు పడిపోయింది. అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్తగా ఉన్న ఫ్రెడరిక్ కోవిల్ 1906లో ప్రయోగాలు మొదలుపెట్టి, 1910లో వాటి ఫలితాలు ప్రచురించాడు. మంచి తోట మట్టే ఈ మొక్కకి శత్రువని, దీనికి ఆమ్లపు నేల కావాలని అందులో రుజువులతో చూపించాడు. న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనే చోట క్రాన్‌బెర్రీ తోటలున్న కుటుంబానికి చెందిన ఎలిజబెత్ వైట్ ఆ నివేదిక చదివి, మా భూమిలో ప్రయోగాలు చేయండి అని 1911లో ఆయన్ని పిలిచింది. ఆ చుట్టుపక్కల అడవుల్లో తిరిగే మనుషులకి డబ్బిచ్చి, పెద్ద పండ్లు కాసే అడవి పొదలు వెతికించింది కూడా ఆవిడే. పండు కొలవడానికి వాళ్లకి ఒక కొలత పలక ఇచ్చేది. దొరికిన పొదకి దాన్ని వెతికినవాడి పేరే పెట్టేది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద 'రూబెల్' అయింది, ఆ రకం ఇప్పటికీ సాగులో ఉంది. 1916లో వాళ్ల తోట నుంచి మొదటి పంట మార్కెట్‌కి వెళ్లింది. ఈ రోజు మనం నాటుకునే ప్రతి హైబుష్ మొక్క వెనకా ఆ ఇద్దరి పని ఉంది. చదువుతున్నప్పుడు నాకు ఎలిజబెత్ వైట్ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కోవిల్‌కి శాస్త్రం తెలుసు. ఏ పొద మంచిదో అడవిలో తిరిగేవాళ్లకి తెలుస్తుందని మాత్రం ఆవిడకి తెలుసు.

ఇప్పుడు మట్టి సంగతి. నాటడానికి కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. ముందు మట్టి పరీక్ష చేయించండి. అది చేతికొచ్చేలోపు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు: ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని మీద వెనిగర్ పోయండి. బుసబుసా పొంగిందంటే అందులో సున్నపురాయి ఉన్నట్టే. అలాంటి నేలని మార్చే ప్రయత్నం చేయకండి. ఎంత గంధకం వేసినా ఆ సున్నం మింగేస్తూనే ఉంటుంది. అక్కడ తొట్టి గానీ, నేల మీద ఎత్తుగా కట్టిన మడి గానీ తప్ప వేరే దారి లేదు.

పొంగకపోతే మార్చుకోవచ్చు. అందుకు వాడేది గంధకం పొడి. మధ్యరకం మట్టిలో 6.0 నుంచి 4.5కి దించడానికి చదరపు మీటరుకి దాదాపు 170 గ్రాములు పడుతుంది. ఇసుక నేలకి అందులో మూడో వంతు చాలు, బంకమట్టికి ఇంకా ఎక్కువ కావాలి. గంధకం తనంతట తాను ఏమీ చేయదు. మట్టిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లంగా మార్చాలి. దానికి తడి కావాలి, వెచ్చదనం కావాలి, నెలల సమయం కావాలి. ఆరు నెలల ముందే మొదలుపెట్టమన్నది అందుకే.

మా నాన్న వ్యవసాయం చేసిన మనిషి. నేను మడిలో గంధకం కలుపుతుంటే వచ్చి పక్కన నిలబడ్డారు. "చౌడు నేలకి గంధకం వెయ్యడం తెలుసు తల్లీ. శుభ్రంగా ఉన్న నేలకి వెయ్యడం ఇదే చూడ్డం" అన్నారు. "ఈ మొక్కకి శుభ్రమైన నేలే పడదు నాన్నా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంగి, మడిలోంచి మట్టి తీసి నలిపి చూసి, "నీళ్లు నిలబడకుండా చూసుకో, ఇది బంకగా ఉంది" అన్నారు. ఆ మాట మీదే మడిని ఒక జానెడు ఎత్తు చేశాను. ఆయన చెప్పింది నిజం. బ్లూబెర్రీకి తడి కావాలి కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది. అడవిలో కూడా చిత్తడిలో పెరుగుతుందని అంటామే గానీ, నీళ్లకి పైన తేలిన గడ్డ మీదే నిలబడుతుంది.

మడిలో మట్టికి సగం వంతు సన్నటి పైన్ బెరడు ముక్కలు, కొంచెం పీట్ మాస్ కలిపాను. పైన్ బెరడు ఆమ్లంగానే ఉంటుంది, నెమ్మదిగా కుళ్లుతుంది, వేళ్లకి గాలి ఆడనిస్తుంది. పీట్ ఇంకా ఆమ్లం, తడి బాగా పట్టుకుంటుంది. కానీ పీట్ నేలలు ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగేవి, తవ్వేస్తే మళ్లీ మన కాలంలో రావు. అందుకని అవసరమైనంతే వాడతాను. కొబ్బరి పీచు పొడి దీనికి బదులు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. ఒట్టి పీచు పొడి చాలదు. దాని పీహెచ్ సాధారణంగా 5.5కి పైనే ఉంటుంది, సరిగ్గా కడగకపోతే ఉప్పు కూడా ఉంటుంది. బెరడులో కొంత కలపడం వరకూ సరే.

ఇక అసలు విషయం నీళ్లు.

మా వదిన తొట్టిలో బ్లూబెర్రీ పెంచుతోంది. మట్టి అంతా నేను చెప్పినట్టే కలిపింది. మొదటి ఏడు బాగానే పెరిగింది. రెండో ఏడు వేసవిలో వీడియో కాల్ చేసి, "ఆకులు పసుపెక్కుతున్నాయి, ఎరువు చాల్లేదేమో అని ఇంకాస్త వేశాను, ఇంకా పెరిగిపోయింది" అంది. చాలా టెన్షన్ పడుతోంది. "వదినా, కొనకొమ్మ మీద ఆకు ఒకటి ఫోన్‌కి దగ్గరగా పట్టుకోండి" అన్నాను. పట్టుకుంది. ఆకు మధ్య ఈనె, పక్క ఈనెలు, వాటి నుంచి చీలిన సన్నటి ఈనెలు కూడా ముదురాకుపచ్చగా, గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్య ఉన్న భాగమంతా నిమ్మపండు రంగు. కింద ముదురు ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నత్రజని తక్కువైతే ముందు కింది ఆకులు పాలిపోతాయి, ఈనెలతో సహా. లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కితే ఇనుము అందట్లేదని అర్థం. అంటే పీహెచ్ పెరిగింది.

"వదినా, మీ కెటిల్ అడుగు తెల్లగా కడుతుందా?" అన్నాను. "కడుతుంది, నిమ్మరసం పోసి తోముతూ ఉంటాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?" అంది.

సంబంధం అంతా అక్కడే ఉంది. కెటిల్ అడుగున తెల్లగా కట్టేది నీళ్లలో కరిగి వచ్చిన సున్నం. అదే సున్నం రోజూ తొట్టిలోకీ వెళ్తోంది. లెక్క వేసి చూడండి. లీటరు నీళ్లలో 200 మిల్లీగ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే శక్తి, ఉందనుకుందాం, ఇది చాలా ఇళ్లలో మామూలే. వారానికి 10 లీటర్లు పోస్తే 2 గ్రాములు. ఎదిగే కాలం 25 వారాలు అనుకుంటే 50 గ్రాములు. అంటే ఒక్క ఏడాదిలో తొట్టిలో గుప్పెడు సున్నపురాయి పొడి చల్లినట్టే. దాన్ని విరచడానికే 16 గ్రాముల గంధకం కావాలి. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే మట్టి మారిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నీళ్ల పీహెచ్ వేరు, నీళ్ల క్షారత వేరు. రెండు రకాల నీళ్ల పీహెచ్ 7.5 అని చూపించినా, క్షారత తక్కువున్న నీళ్లు మట్టిలో పడగానే లొంగిపోతాయి, హాని చేయవు. క్షారత ఎక్కువున్నవి మట్టిని తమవైపు లాక్కుంటాయి. కాబట్టి నీటి పరీక్షలో చూడాల్సింది క్షారత అంకె. లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. ఇంట్లో నీళ్లు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఉంది కదా అని కూడా నిశ్చింతగా ఉండొద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది. క్షారత అలాగే ఉంటుంది, పైగా సోడియం మొక్కకి చేటు. ఆర్వో నీళ్లు మంచివే.

అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. వాటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, సున్నం ఉండదు. పది చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్లు వస్తాయి. మేము కప్పు నీళ్లు దిగే గొట్టం కింద మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టాం. సిమెంటు తొట్టిలో పట్టకండి, ముఖ్యంగా కొత్తదైతే. సిమెంటు నుంచే సున్నం దిగుతుంది. డ్రమ్ములు ఖాళీ అయిన రోజుల్లో కుళాయి నీళ్లలో కొంచెం సిట్రిక్ యాసిడ్ కలిపి, పీహెచ్ కాగితంతో చూసుకుంటూ 5 దగ్గరికి తెచ్చి పోస్తాను. ఎంత కలపాలన్నది మీ నీళ్లని బట్టి మారుతుంది, అందుకే గ్రాముల్లో చెప్పట్లేదు. కాగితం రంగు చూసి ఆపండి.

వదిన తొట్టికి వాన నీళ్లు, కాస్త గంధకం, చెలేటెడ్ ఇనుము (మట్టిలో బిగుసుకుపోకుండా మొక్కకి అందేలా తయారుచేసినది) ఇచ్చాం. చెలేటెడ్ ఇనుము తొందరగా పచ్చదనం తెస్తుంది గానీ అది తాత్కాలికం. మట్టి దారికొచ్చే వరకు మొక్కని నిలబెట్టడమే దాని పని. తర్వాత వచ్చిన చిగుళ్లు ఆకుపచ్చగానే వచ్చాయి. పసుపెక్కిన పాత ఆకులు చాలావరకు అలాగే ఉండి రాలిపోయాయి.

కాఫీ పొడి వేస్తే మట్టి ఆమ్లమవుతుందనే మాట ఎక్కడ చూసినా ఉంటుంది. కాచి వడగట్టిన పొడిలో ఆమ్లం దాదాపు మిగలదు, అది డికాక్షన్‌లోకే వెళ్లిపోతుంది. మట్టిలో కలిస్తే కంపోస్టుగా మంచిదే కానీ పీహెచ్ కోసం దాన్ని నమ్ముకోవద్దు. పైన్ ఆకులూ అంతే. పైన పరిచే ఆచ్ఛాదనగా చాలా బాగుంటాయి, మట్టి పీహెచ్‌ని మాత్రం పెద్దగా మార్చవు. ఈ రెండూ నమ్ముకుని గంధకం, నీళ్లు వదిలేసిన మొక్కల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పెంచేవాళ్ల ప్రేమలో లోపం ఉండదు, వాళ్లకి అందిన సలహాలోనే ఉంటుంది.

నాటేటప్పుడు కుండీ నుంచి తీసిన వేరుముద్దని చూడండి. చుట్టూ తిరిగి బిగుసుకుపోయి ఉంటే వేళ్లతో పీకి విడదీయండి, అవసరమైతే చాకుతో పక్కల నిలువుగా గాట్లు పెట్టండి. ఈ వేళ్లు వాటంతట అవి బయటికి రావు. అలాగే నాటేస్తే మూడేళ్ల తర్వాత తవ్వినా అదే కుండీ ఆకారం కనిపిస్తుంది. మొక్కకీ మొక్కకీ మీటరున్నర దూరం ఉండాలి. పైన ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన బెరడు ముక్కలో రంపపు పొట్టో పరవాలి, కాండానికి ఆనకుండా. వేళ్లు దాదాపు అన్నీ పై అడుగు లోతులోనే ఉంటాయి, అందుకే మొక్క మొదలు దగ్గర పలుగు, పార తగలనివ్వకూడదు. కలుపు చేత్తోనే లాగాలి.

ఎరువు దగ్గర నాన్నకీ నాకూ మళ్లీ చర్చ జరిగింది. "పశువుల ఎరువు వెయ్యవా?" అని అడిగారు. దాంట్లో ఉప్పు ఎక్కువ, పీహెచ్ ఎక్కువ, ఈ మొక్కకి సరిపడదని చెప్పాను. దీనికి నత్రజని అమ్మోనియం రూపంలో కావాలి, నైట్రేట్ రూపంలో ఇస్తే సరిగ్గా వాడుకోలేదు. అమ్మోనియం సల్ఫేట్ అనగానే ఆయన ముఖం వెలిగింది, అది ఆయనకి బాగా తెలిసిన ఎరువు. కానీ మోతాదు విని ఆశ్చర్యపోయారు. చిన్న మొక్కకి ఒకసారికి 30 గ్రాములు, కాండానికి జానెడు దూరంలో చుట్టూ చల్లాలి. మొగ్గలు విచ్చేటప్పుడు ఒకసారి, నెలన్నర తర్వాత ఇంకోసారి. అంతే. వేసవి సగం దాటాక వేస్తే లేత కొమ్మలు వస్తాయి, అవి ముదరకముందే చలికి చస్తాయి. క్లోరైడ్ ఉన్న పొటాష్ కూడా వద్దు.

రకాల గురించి కొద్దిగా. కోవిల్ కనిపెట్టిన ఇంకో విషయం, ఈ మొక్కకి చలి నిద్ర తప్పనిసరి. చలికాలమంతా వెచ్చటి గ్లాస్‌హౌస్‌లో ఉంచిన మొక్కలు వసంతంలో సరిగ్గా చిగురించలేదు, బయట చలిలో ఉన్నవే చక్కగా చిగురించాయి. ఉత్తరాది హైబుష్ రకాలకి 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి 800 గంటలో, అంతకన్నా ఎక్కువో కావాలి. నా పొదలన్నీ ఆ రకమే. అంత చలి లేని చోట్ల కోసం దక్షిణాది హైబుష్ రకాలున్నాయి. ఫ్లోరిడాలో పెరిగే ఇంకో జాతితో సంకరం చేసి తెచ్చినవి. షార్ప్‌బ్లూ, మిస్టీ, సన్‌షైన్ బ్లూ లాంటివి చాలా తక్కువ చలితోనే కాస్తాయి. మీరున్న చోట చలికాలం ఎలా ఉంటుందో చూసుకునే కొనండి. చలి చాలని చోట బ్లూక్రాప్ పెడితే ఆకులు కూడా సరిగ్గా రావు. ఇంకో మాట, రెండు వేర్వేరు రకాలు పెట్టండి. ఒక్కటి ఉన్నా కాస్తుంది, కానీ పక్క రకం పుప్పొడి అందితే పండు పెద్దదవుతుంది, ముందుగా పండుతుంది. డ్యూక్ ముందు పండుతుంది, బ్లూక్రాప్ మధ్యలో, ఎలియట్ చివర్లో. మూడూ ఉంటే దాదాపు రెండు నెలలు పండ్లు తినొచ్చు.

మొదటి రెండేళ్లు పూలు తుంచేయమంటే ఎవరికీ మనసొప్పదు. మా పాప అయితే ఏడ్చింది. కానీ తుంచాల్సిందే. ఆ వయసులో మొక్క బలమంతా వేళ్లకీ కొమ్మలకీ పోవాలి. బాగా నిలదొక్కుకున్న పొద ఇరవై, ముప్పై ఏళ్లకి పైగా కాస్తుంది, దాని ముందు రెండేళ్ల పండ్లు ఎంత?

పూలు వచ్చినప్పుడు మాత్రం నేను పొద్దున్నే ఆ పొదల దగ్గరే ఉంటాను. తెల్లగా, కిందికి తల వంచిన చిన్న గంటలు, మూతి ఇరుగ్గా ఉంటుంది. పుప్పొడి లోపల కేసరాల్లో ఉంటుంది, ఆ కేసరాల కొనన చిన్న రంధ్రం, అంతే దారి. ఉప్పు డబ్బా తలకిందులు చేసి ఊపినట్టు ఊపితేనే రాలుతుంది. ఆ పని చేసేది బంబుల్‌బీ అనే బొద్దు తుమ్మెద. పువ్వుని కాళ్లతో పట్టుకుని వేలాడి, రెక్కలు కదపకుండా ఎగిరే కండరాలు మాత్రం అదురుస్తుంది. అప్పటిదాకా ఉన్న గుయ్ మనే శబ్దం ఒక్కసారిగా స్థాయి పెరిగి సన్నగా వినిపిస్తుంది. పువ్వు అదురుతుంది, పొట్ట మీద పుప్పొడి రాలుతుంది. తేనెటీగలకి ఈ విద్య రాదు. అవి కూడా వచ్చి కొంత సాయం చేస్తాయి గానీ, బంబుల్‌బీ ఉన్న పెరడు అదృష్టం చేసుకున్నదే. ఆ రోజుల్లో ఏ పురుగుమందూ పొద దరిదాపుల్లోకి రానివ్వను. పూలు విచ్చాక మైనస్ 2 డిగ్రీల చలి పడితే చచ్చిపోతాయి, కాబట్టి రాత్రి మంచు పడేలా ఉంటే పొద మీద దుప్పటి కప్పండి.

పండు నీలంగా మారగానే కోయకండి. కొత్తవాళ్లు తినే బ్లూబెర్రీల్లో సగం పులుపు ఈ తొందర వల్లే. నీలమయ్యాక ఇంకా నాలుగైదు రోజులు, ఎలియట్‌కి ఇంకా ఎక్కువ, కొమ్మ మీదే ఉండాలి. కోసేశాక రంగు మారొచ్చు గానీ తీపి పెరగదు. తొడిమ దగ్గర చూడండి: అక్కడ ఎర్రటి వలయం ఇంకా ఉంటే ఆగాలి. గుత్తి కింద అరచెయ్యి పెట్టి బొటనవేలితో మెల్లిగా దొర్లిస్తే పండినవి వాటంతటవే చేతిలో పడతాయి, పండనివి కొమ్మనే ఉంటాయి. లాగాల్సి వచ్చిందంటే అది ఇంకా మీది కాలేదు. పండు మీద ఉండే తెల్లటి పొడిలాంటి మైనపు పూత తుడవకండి, అదే దాన్ని తాజాగా ఉంచుతుంది. కడగడం తినే ముందే. కొన్నిచోట్ల పండే పండులో గుడ్లు పెట్టే చుక్కల రెక్కల ఈగ ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి పండినవన్నీ కోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం దానికి మంచి మందు. ముడుచుకుపోయి రాలిన కాయల్ని కూడా ఏరేయండి, వాటిలోనే మమ్మీ బెర్రీ తెగులు చలికాలం దాటి వసంతంలో మళ్లీ లేస్తుంది.

పిట్టలకి ఈ పండంటే ప్రాణం. రంగు తిరగకముందే వల కట్టాలి. పొద మీద వదులుగా పరిచేస్తే పిట్టలు చిక్కుకుని చచ్చిపోతాయి, అది నేను భరించలేను. నాలుగు కర్రలు పాతి చట్రం కట్టి, చిన్న కన్నుల వలని బిగుతుగా లాగి, అంచులు నేలకి మేకులతో దిగ్గొట్టాం. కోత అయిపోగానే విప్పేస్తాం.

ఒక సంగతి చాలామందికి తెలియదు. వచ్చే ఏటి పూమొగ్గలు ఈ ఏడు వేసవి చివర్లోనే తయారవుతాయి. పండ్లు అయిపోయాయి కదా అని అప్పుడు నీళ్లు మానేస్తే దెబ్బ తగిలేది వచ్చే ఏడు. నా వాన నీళ్లలో ఎక్కువ భాగం ఆ రోజులకే దాచుకుంటాను.

కత్తిరింపు చలికాలం చివర్లో, ఆకులు లేనప్పుడు. కొమ్మ కొనల్లో గుండ్రంగా ఉబ్బినవి పూమొగ్గలు, ఒక్కో దానిలోంచి అయిదు నుంచి పది పూలు వస్తాయి. కొమ్మ కిందికి సన్నగా, మొనదేలి, అంటుకుని ఉన్నవి ఆకు మొగ్గలు. ఈ తేడా కంటికి అలవాటైతే కత్తిరింపు భయం పోతుంది. ఆరేళ్లు దాటిన, బూడిదరంగుకి తిరిగిన ముదురు కొమ్మలు ఏటా ఒకటో రెండో మొదలంటా తీసేయాలి. వాటి స్థానంలో కింది నుంచి కొత్త పిలకలు వస్తాయి. మధ్యలో గుబురుగా ఉన్న పుల్లలు తీసి వెలుతురు దిగనివ్వాలి. ఈసారి మా బ్లూక్రాప్‌లో పశ్చిమం వైపున్న రెండు లావు కొమ్మలు తీసేయబోతున్నాను.

అదే సమయంలో పోయిన ఏడు పెరిగిన పెన్సిల్ లావు కొమ్మలు కొన్ని వదిన కోసం ముక్కలు కోసి నాటుతాను. ఒక్కో ముక్క జానెడుకి కాస్త తక్కువ ఉంటే చాలు, పీట్, ఇసుక సమంగా కలిపిన మట్టిలో మూడింట రెండొంతులు లోపలికి దిగేలా గుచ్చాలి. పూమొగ్గ ఉన్న కొన భాగం ఇందుకు పనికి రాదు, కింది భాగమే తీసుకోవాలి. ముందు ఆకులొస్తాయి, వేళ్లు ఆ తర్వాత ఎప్పుడో వస్తాయి. కాబట్టి ఆకులు చూసి పీకి నాటేయకండి, ఆ ఎండాకాలమంతా అక్కడే ఉంచి వాన నీళ్లు పోస్తూ ఉండండి.